బ్యాండ్ వచ్చాక గొంతు ఎక్కడికి పోతుంది? 'ద షెపర్డ్స్ డాగ్' సమీక్షల మీద నా సమాధానం

మీరు రెండు విషయాలు అడిగారు. ఐరన్ అండ్ వైన్ పేరుతో పాటలు చేసే అమెరికన్ గాయకుడు శామ్ బీమ్ 2007లో ఫుల్ బ్యాండ్‌తో, అంటే డ్రమ్స్, బేస్, కీబోర్డుల లాంటి వాద్యాలన్నిటితో, తెచ్చిన 'ద షెపర్డ్స్ డాగ్' ఆల్బమ్‌ను సమీక్షకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు. పాత అభిమానుల్లో కొందరు మాత్రం ఆ మెత్తని గొంతు వాద్యాల్లో మునిగిపోయిందని ఇప్పటికీ బాధపడతారు. వీళ్లలో ఎవరి మాట నమ్మాలి అన్నది మీ మొదటి ప్రశ్న. ఇన్నాళ్లూ గిటారుతో ఒంటరిగా పాడిన మీరు ఇప్పుడు నలుగురితో కలిసి ఆల్బమ్ చేయబోతున్నారు, దాన్ని విమర్శకులు ఎలా తీసుకుంటారు అన్నది రెండోది.

చాలా ఏళ్లుగా రికార్డింగ్, మిక్సింగ్ (రికార్డయిన గొంతు, వాద్యాల పాళ్లు కుదర్చడం) పనిలో ఉన్నాను, ఆల్బమ్ సమీక్షలు కూడా రాశాను. రెండు వైపులా నిలబడి చూసినవాడిగా నా అభిప్రాయం ఇది: మెచ్చుకున్నవాళ్లూ, నొచ్చుకున్నవాళ్లూ ఒకే పని చేశారు. వాద్యాలు లెక్కపెట్టారు. ఒకరికి ఆ లెక్క ఎదుగుదలగా కనిపించింది, ఇంకొకరికి నష్టంగా కనిపించింది. ఆ ఆల్బమ్‌లో అసలు మారింది లయ. మాటను మోసేది మారింది. ఆ సంగతి పట్టుకున్న సమీక్షలు కొన్నే. వాటినే నమ్మండి.

కొంచెం వెనక్కి వెళ్తే గానీ ఇది తేలదు. బీమ్ సినిమా కళ చదువుకుని, ఫ్లోరిడాలో పాఠాలు చెప్పిన మనిషి. స్నేహితుడు ఇచ్చిన ఫోర్ ట్రాక్ రికార్డర్ (ఒకే టేపు మీద నాలుగు శబ్దాలను విడివిడిగా నమోదు చేసేది) మీద ఇంట్లో పాటలు పాడుకున్నాడు. ఆ టేపులు చేతులు మారి సియాటిల్‌లోని సబ్ పాప్ అనే రికార్డుల సంస్థకు చేరాయి. 2002లో 'ద క్రీక్ డ్రాంక్ ద క్రేడిల్' పేరుతో అవే విడుదలయ్యాయి. అప్పటి సమీక్షల్లో గుసగుస, సాన్నిహిత్యం, ఒంటరితనం అన్న మాటలు పదేపదే వస్తాయి. ఆ వర్ణన తప్పు కాదు. కానీ ఆ ఆల్బమ్‌లో ఒక మనిషి ఒక గిటారుతో కూర్చుని పాడినది తక్కువ. గిటారు, దాని మీద బాంజో, పక్కన స్లైడ్ గిటారు, తన గొంతు మీద తనే మళ్లీ పాడిన గొంతు, అన్నీ ఆయనవే, ఒకదాని మీద ఒకటి పరిచినవి. టేపు చేసే సన్నటి సొద కూడా ఒక వాద్యంలాగే వినిపిస్తుంది. 'ఒంటరి గాయకుడు' అన్నది వినేవాళ్ల మనసులో ఏర్పడిన బొమ్మ. రికార్డింగ్ లోపల అప్పటికే చిన్న బృందం ఉంది, కాకపోతే అందులో అందరూ ఒకే మనిషి.

ఇంకో సంగతి. ఆ సాన్నిహిత్యంలో సగం మైక్రోఫోన్ చలవ. నోరు మైక్‌కు బాగా దగ్గరగా పెట్టి మెల్లగా పాడితే గొంతులోని కింది స్వరాలు ఉబ్బుతాయి, ఊపిరి వినిపిస్తుంది, 'స', 'ష', 'త' లాంటి హల్లులు చెవి పక్కనే పలికినట్టు ఉంటాయి. పక్కన పెద్ద శబ్దం ఏదీ లేకపోతేనే ఇవన్నీ వినిపిస్తాయి. డ్రమ్స్‌లోని సింబల్స్ అనే లోహపు పళ్లేలు, కాలితో మూసి తెరిచే వాటి జత హైహ్యాట్, ఆ హల్లుల స్వరస్థాయిలోనే కూర్చుంటాయి. బేస్ గిటారు గొంతు కింది భాగాన్ని ఆక్రమిస్తుంది. అభిమానులు 'గొంతు దూరమైంది' అన్నప్పుడు చెవికి తగిలిన నిజమే చెబుతున్నారు. అది ఉత్త పాత మోజు అని కొట్టిపారేసిన సమీక్షకులు వినవలసినంత వినలేదు.

తర్వాతి అడుగు 2004లో పడింది. 'అవర్ ఎండ్‌లెస్ నంబర్డ్ డేస్' కోసం బీమ్ షికాగోకు చెందిన బ్రయన్ డెక్‌తో పనిచేశాడు. చాలా సమీక్షలు డెక్‌ను నిర్మాతగా, అంటే రికార్డింగ్‌ను దగ్గరుండి నడిపించేవాడిగా, ఒక్క వాక్యంలో పేర్కొని ముందుకు సాగిపోయాయి. రెడ్ రెడ్ మీట్ బృందంలో ఆయన డ్రమ్స్ వాయించేవాడన్న సంగతి దగ్గర నేను ఆగుతాను. డ్రమ్మర్ నిర్మాత అయితే పాటలో ముందు లయను వింటాడు, నాదంలోని రంగులను ఆ తర్వాత. గుసగుసగా పాడే మనిషి పక్కన అలాంటి చెవి కూర్చుంది. 2005లో వచ్చిన 'వుమన్ కింగ్' అనే చిన్న రికార్డులో దాని ఫలితం తెలుస్తుంది. తాళవాద్యాలు ముందుకొచ్చాయి, ఎలక్ట్రిక్ గిటారు పదునెక్కింది. అదే ఏడాది అరిజోనాలోని టూసాన్‌కు చెందిన కలెక్సికో బృందంతో కలిసి ఏడు పాటల 'ఇన్ ద రెయిన్స్' చేశాడు. ఎడారి ట్రంపెట్లు, పెడల్ స్టీల్ గిటారు, నిజమైన బ్యాండ్. కాబట్టి 2007 సెప్టెంబరులో 'ద షెపర్డ్స్ డాగ్' వచ్చినప్పుడు అది ఉన్నట్టుండి జరిగిన మలుపు కాదు. డెక్ మళ్లీ ఉన్నాడు. కలెక్సికో నుంచి జోయీ బర్న్స్, పాల్ నీహాస్ వచ్చారు. రాబ్ బర్గర్ కీబోర్డులు, అకార్డియన్ చూసుకున్నాడు.

సమీక్షల్లో ఎక్కువ భాగం రాసిన కథ ఇలా ఉంటుంది: మొదట పడకగది, తర్వాత స్టూడియో, ఇప్పుడు బ్యాండ్, ఇదీ ఈ గాయకుడి ఎదుగుదల. కథ శుభ్రంగా ఉంది, చదవడానికి హాయిగా ఉంది. కానీ ఇలా రాస్తే ఒంటరిగా పాడటం కింది తరగతి, బ్యాండ్‌తో పాడటం పై తరగతి అయిపోతుంది. నాకు ఇది అస్సలు నచ్చదు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో 'నెబ్రాస్కా' పాటలను ఇంట్లో ఫోర్ ట్రాక్ క్యాసెట్ మీద పాడుకుని, తన బ్యాండ్‌తో మళ్లీ ప్రయత్నించి, అది కుదరక క్యాసెట్‌నే విడుదల చేశాడు. ఆయన దగ్గర అమెరికాలోకెల్లా గట్టి బ్యాండ్లలో ఒకటి ఉంది. అయినా పాట ఏది అడిగిందో అదే ఇచ్చాడు. మెట్లు ఎక్కే కథలో ఈ నిర్ణయానికి చోటే లేదు.

నొచ్చుకున్న అభిమానుల పక్షానికీ ఒక పాత కథ ఉంది. 1965 జులై 25న అమెరికాలోని న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో, జానపద గాయకుడిగా పేరుపడ్డ బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ బ్యాండ్‌తో వేదిక ఎక్కినప్పుడు జనంలో కొందరు గోల చేశారు. అప్పటినుంచి గిటారు పాటగాడు ఎవరు బ్యాండ్ పెట్టుకున్నా 'ద్రోహమా, ధైర్యమా' అన్న చర్చ తిరిగి లేస్తుంది. బీమ్ విషయంలో ద్రోహం అన్న మాట ఎవరూ గట్టిగా వాడలేదు గానీ, నీడ మాత్రం అదే.

ఇక ఆల్బమ్ దగ్గరికి. 'బాయ్ విత్ ఎ కాయిన్' వినండి. అది ఆల్బమ్ కన్నా ముందే సింగిల్‌గా వచ్చింది, వీడియోలో ఫ్లమెంకో నర్తకులు కనిపిస్తారు. పాటను నడిపేది చప్పట్లు. డ్రమ్ సెట్ దబదబలతో గొంతును కప్పదు. ఒక్కో చప్పట పొడిగా, పొట్టిగా పడి ఆగిపోతుంది, తర్వాతి చప్పట వచ్చేలోగా మాటకు చోటు మిగులుతుంది. బీమ్ అక్కడ కూడా గట్టిగా పాడడు, పాత పద్ధతిలోనే పెదవుల చివర పాడతాడు. కానీ ఆ మాటలకు ఇప్పుడు అడుగుల చప్పుడు తోడైంది. పాత రికార్డుల్లో గిటారు తీగలు మీటే వేగాన్ని బట్టి మాట నడిచేది. ఇక్కడ చప్పట్లు మాటను ముందుకు తోస్తాయి. అదే గొంతు, అదే మెత్తదనం, అయినా భయం పుడుతుంది. లయ మారింది అని నేను అనేది దీన్నే.

'కారౌజల్' పాటలో గొంతునే నీళ్ల కింద పెట్టినట్టు వణికించారు. అభిమానుల ఫిర్యాదుకు ఎక్కువగా గురయ్యేది ఈ పాటే, మాటలు పట్టుకోవడం నిజంగానే కష్టం. నా మటుకు నాకు ఇది ఆల్బమ్‌లోని మంచి నిర్ణయాల్లో ఒకటి. గొంతును వాద్యాలు ముంచేయలేదు, బీమ్, డెక్ కావాలనే ముంచారు. చుట్టూ వాద్యాలు తక్కువే. బ్యాండ్ మీద కోపం తెచ్చుకునేవాళ్లు ఈ పాటను ఉదాహరణగా చూపితే, తప్పు చోట వేలు పెట్టినట్టే. 'వైట్ టూత్ మ్యాన్'లో సితార్ లాంటి నాదం వినిపిస్తుంది. మన చెవికి అది వెంటనే తగులుతుంది, కొంచెం పైనుంచి అతికించినట్టు కూడా ఉంటుంది. ఈ పాటలో గొంతు, వాద్యాలు ఒకే ఎత్తులో నిలబడి పోటీ పడతాయి, గొంతు ఓడిపోతుంది. ఇక్కడ అభిమానుల పక్షాన నేను సంతకం పెడతాను. 'రెసరెక్షన్ ఫెర్న్' మాత్రం 2004 నాటి ఆల్బమ్‌లో పెట్టినా ఎవరూ తేడా కనిపెట్టలేరు. ఒకే ఆల్బమ్‌లో ఇన్ని రకాల సంబంధాలుంటే, మొత్తాన్నీ 'ఫుల్ బ్యాండ్ ఆల్బమ్' అనే ఒక్క మాటతో తూచడం ఎలా కుదురుతుంది?

బీమ్ స్వయంగా రెండు సంగతులు చెప్పుకున్నాడు. గాయకుడు టామ్ వెయిట్స్ 1983లో చేసిన 'స్వార్డ్‌ఫిష్ ట్రాంబోన్స్' ఆల్బమ్ తనకు స్ఫూర్తి అన్నది ఒకటి. 2004లో అమెరికా అధ్యక్షుడిగా బుష్ మళ్లీ గెలిచినప్పుడు కలిగిన దిగ్భ్రమ ఈ పాటల్లోకి వచ్చిందన్నది రెండోది. మొదటి సంగతిని సమీక్షలు విరివిగా ఎత్తి రాశాయి. రెండోది రాసినవాళ్లు కూడా దాన్ని పాటల మాటలకే ముడిపెట్టారు. నాకు అది వాద్యాలకే ఎక్కువ వర్తిస్తుందని అనిపిస్తుంది. నిలకడ లేని దేశం గురించి పాడాలంటే నిలకడైన గిటారు మీటు సరిపోదు. పాట కింద నేల కదలాలి. చప్పట్లు, తడబడే పియానో, వెనక నుంచి ముందుకు దూకే గిటారు ఆ పని చేస్తాయి. మాటలు ఎప్పటిలాగే బైబిలు, కుక్కలు, పక్షులు, పల్లె ఇళ్ల గురించే ఉంటాయి. కలవరం అంతా వాద్యాల్లో ఉంది.

ఆదరణ గురించి మాట్లాడేటప్పుడు సమీక్షల తర్వాత జరిగింది కూడా చూడాలి. ఆల్బమ్‌లో చివరి పాట 'ఫ్లైట్‌లెస్ బర్డ్, అమెరికన్ మౌత్'. మూడు మాత్రల వాల్ట్జ్ నడక, అకార్డియన్, మెల్లగా లేచే గొంతు. 2007 సమీక్షల్లో దానికి దక్కింది మామూలు ప్రస్తావనే. 2008లో 'ట్విలైట్' సినిమాలో, నాయికా నాయకులు నృత్యం చేసే సన్నివేశంలో ఆ పాట వచ్చింది. దాన్ని సూచించింది నటి క్రిస్టెన్ స్టూవర్ట్. దాంతో బీమ్ పేరు ఎన్నడూ వినని లక్షలమంది ఆ పాటతోనే ఆయన దగ్గరికి వచ్చారు. వాళ్లకు 2002 నాటి ఇంటి టేపు తెలియదు, పోగొట్టుకున్నది ఏమీ లేదు. వాళ్ల దృష్టిలో ఇదే అత్యంత సన్నిహితమైన పాట. బ్యాండ్ ఉన్నా సరే! గాయకుడితో పరిచయం ఏ పాటతో మొదలైందో, వినేవాడికి అదే కొలత అవుతుంది. మీ ఆల్బమ్ విషయంలో కూడా ఇదే జరుగుతుంది, ముందే తెలిసి ఉండటం మంచిది.

'ఫుల్ బ్యాండ్' అన్న మాట అన్నిచోట్లా ఒకే అర్థంలో ఉండదు. ఇంకో రెండు ఆల్బమ్‌లు చూడండి. క్యాట్ పవర్ పేరుతో పాడే షాన్ మార్షల్ 2006లో 'ద గ్రేటెస్ట్' చేసింది. మెంఫిస్‌లోని ఆర్డెంట్ స్టూడియోకు వెళ్లి, గాయకుడు ఆల్ గ్రీన్ రికార్డుల్లో గిటారు వాయించిన టీనీ హాజెస్ లాంటి పాత సోల్ సంగీత కళాకారులతో కూర్చుంది. వాళ్ల నడక దశాబ్దాల నాటిది, ఎవరి కోసమూ మారదు. ఆమే వాళ్ల నడకలోకి వెళ్లింది. అంతకుముందు వేదిక మీద పాట మధ్యలో ఆగిపోయే గాయనిగా పేరుపడ్డ మనిషి, ఆ నిలకడైన వాద్యాల మీద ఆనుకుని పాడింది. విమర్శకులు చాలామంది దాన్ని మెచ్చుకున్నారు, షార్ట్‌లిస్ట్ మ్యూజిక్ ప్రైజ్ కూడా వచ్చింది. పదును పోయి నునుపు ఎక్కువైందని అన్నవాళ్లూ ఉన్నారు. ఇక 2021లో జూలియన్ బేకర్ 'లిటిల్ ఆబ్లివియన్స్'తో డ్రమ్స్, బేస్, కీబోర్డులన్నీ చేర్చినప్పుడు సమీక్షలు 'మొదటి ఫుల్ బ్యాండ్ ఆల్బమ్' అని రాశాయి. కానీ అందులో వాద్యాలు చాలావరకు ఆమే వాయించింది. శబ్దం బ్యాండ్‌ది, గదిలో మాత్రం దాదాపు ఒక్క మనిషే. ఒకరు ఇతరుల నడకలోకి వెళ్లారు, ఒకరు అన్నీ తామే అయ్యారు, బీమ్ స్నేహితులను పిలిచి పొరలు పేర్చాడు. మూడింటినీ ఒకే మాటతో పిలిచి ఒకే ప్రశ్న వేసే సమీక్ష దగ్గర మీరు నేర్చుకోగలిగేది చాలా తక్కువ.

ఇప్పుడు మీ ఆల్బమ్. మీ గొంతు కూడా మెత్తనిదని రాశారు. మిక్సింగ్ చేసేవాడిగా ముందు చెప్పేది ఇదే: తర్వాత గొంతు శబ్దం పెంచి సర్దుదామని అనుకోకండి. రికార్డింగ్‌కు ముందే డ్రమ్మర్‌తో కూర్చుని, మీరు పాడే వరుసల్లో హైహ్యాట్ అవసరమా అని అడగండి. బ్రష్‌లతో, చేతులతో, చప్పట్లతో అయ్యే పని అయితే అలాగే చేయండి. బేస్ వాయించేవారు మీరు మాట అందుకునే చోట ఒక స్వరం తక్కువ వాయిస్తే, మిక్సింగ్‌లో ఎంత కష్టపడినా రాని చోటు దొరుకుతుంది. అందరూ అన్ని పాటల్లో ఉండాలన్న నియమం పెట్టుకోవద్దు. బ్యాండ్ సభ్యులకు ఇది చెప్పడం కష్టం, మొహమాటం అడ్డొస్తుంది. అయినా చెప్పాలి. మన లలిత సంగీతంలో సాహిత్యం వినిపించాలన్న పట్టుదల వాద్యాలవాళ్లకు అలవాటైన విషయమే కాబట్టి, ఆ మాటల్లో చెబితే ఎవరూ నొచ్చుకోరు.

విమర్శకుల సంగతి. సమీక్ష రాసేవారికి సాధారణంగా దొరికేది కొద్ది రోజులు, మీరు పంపిన పరిచయ పత్రం. అందులో 'ఒంటరి ప్రయాణం నుంచి బృందంలోకి' అని మీరే రాస్తే, వచ్చే సమీక్షలన్నీ ఆ వాక్యాన్నే తిప్పి తిప్పి రాస్తాయి, తర్వాత మీరే విసుక్కుంటారు. దానికి బదులు ఏ పాటలో ఎవరు ఏమి వాయించారో, ఏ పాటకు ఎందుకు బ్యాండ్ వద్దనుకున్నారో రాయండి. వినేవారి చెవి అక్కడికి వెళ్తుంది. ఇక వచ్చిన సమీక్షల్లో ఏది పట్టించుకోవాలంటే, ఒక పాటలో ఒక చోటును పట్టుకుని 'ఇక్కడ ఈ వాద్యం ఈ మాటకు ఇది చేసింది' అని రాసినది. పొగడ్త అయినా తెగడ్త అయినా అలాంటివి దాచుకోండి. 'పరిణతి', 'ధైర్యమైన అడుగు', 'పాత మాయ తగ్గింది' వంటివి మాత్రమే ఉన్నవి ఒకసారి చదివి వదిలేయండి.

బీమ్ కథలో తర్వాత జరిగినది కూడా మీకు పనికొస్తుంది. 2011లో పెద్ద సంస్థ ద్వారా వచ్చిన 'కిస్ ఈచ్ అదర్ క్లీన్' అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 పట్టికలో రెండో స్థానంలో మొదలైంది. శాక్సోఫోన్లు, సింథసైజర్లు నిండిన రికార్డు. విమర్శకుల స్వాగతం ఈసారి కొంచెం చల్లబడింది, మెట్లు ఎక్కే కథ అక్కడ తడబడింది. 2013లో వచ్చిన 'గోస్ట్ ఆన్ గోస్ట్' జాజ్ వైపు ఇంకా జరిగింది. 2017లో మళ్లీ సబ్ పాప్ నుంచి 'బీస్ట్ ఎపిక్' వచ్చినప్పుడు చాలా సమీక్షలు 'పాత నిశ్శబ్దానికి తిరిగి వచ్చాడు' అని సంబరపడ్డాయి. కానీ ఆ ఆల్బమ్ చేసిన తీరు చూడండి: షికాగోలో విల్కో బృందానికి చెందిన లాఫ్ట్ స్టూడియోలో వాద్యకారులంతా ఒకేచోట కూర్చుని, కలిసి ప్రత్యక్షంగా వాయించినది. అచ్చమైన బ్యాండ్ అదే. 2002 నాటి 'ఒంటరి' రికార్డులో ఒక్క మనిషే వాద్యాలన్నీ పొరలుగా పేర్చుకుంటే, 'తిరిగి వచ్చిన' రికార్డులో అందరూ గదిలో ఉన్నారు. వాద్యకారులు ఎక్కడ ఆగాలో తెలిసి ఆగారు కాబట్టే అది నిశ్శబ్దంగా వినిపించింది.

మీ బ్యాండ్‌తో మొదటి రిహార్సల్‌కు ముందు 'బాయ్ విత్ ఎ కాయిన్', 'వైట్ టూత్ మ్యాన్' వరుసగా పెట్టి అందరినీ వినమనండి. తర్వాత ప్రతి ఒక్కరూ తమ వాద్యం ఎక్కడ ఆగిందో మాత్రమే చెప్పాలి. ఆ చర్చలో ఏమి తేలిందో వీలైతే ఇక్కడ రాయండి, మీ పాటల మిక్స్ గురించి అప్పుడు ఇంకా వివరంగా మాట్లాడుకోవచ్చు.